షిఫ్టు డ్యూటీ చేసే నాన్న ఇంటినీ, చర్చినీ, స్నేహితుల్నీ ఎలా సర్దుకోవాలి

ఇది జనరల్ షిఫ్ట్ వాళ్ల కోసం రాస్తున్నది కాదు. పొద్దున్న తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉండి, ఆదివారం సెలవు తీసుకునే వాళ్లకి ఈ తిప్పల్లో సగం ఉండవు. విశాఖ చుట్టూ గాజువాక, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం, పరవాడ వైపు ఫ్యాక్టరీల్లో ఎ (పొద్దున్న), బి (మధ్యాహ్నం), సి (రాత్రి) షిఫ్టులు తిరుగుతూ, ఇంట్లో బడికెళ్లే పిల్లలు, ఆదివారం ఆరాధన, మధ్యమధ్యలో "ఏరా, కనిపించడమే మానేశావ్" అనే స్నేహితులు ఉన్న నాన్నల కోసం రాస్తున్నాను. ఆర్టీసీ వాళ్లకీ, రైల్వే వాళ్లకీ, ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్లకీ చాలావరకు ఇదే పనికొస్తుంది, గంటలు మాత్రం మీవి వేసుకోండి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, స్కూలు, చర్చి, పెళ్లిళ్లు, చుట్టాలు అన్నీ సోమ మంగళ బుధ లెక్కన నడుస్తాయి, మన ఒళ్లు మాత్రం ఎ బి సి లెక్కన నడుస్తుంది. అది మర్చిపోయి మనం కూడా "రోజూ రాత్రి ఎనిమిదికి ప్రార్థన", "ప్రతి ఆదివారం సాయంత్రం బీచ్" అని మాటిచ్చేస్తాం. ఒక వారం నిలబడుతుంది, తర్వాత రెండు వారాలు తప్పుతుంది, కొన్నాళ్లకి పిల్లలు మనం చెప్పేది వినడం మానేస్తారు. అందుకే దేనికైనా వారం పెట్టుకోవద్దు, షిఫ్టు పెట్టుకోండి. "ఎ షిఫ్ట్ ఉంటే ఇది, బి ఉంటే అది, సి ఉంటే ఇంకోటి" అని ఇంట్లో ముందే తేల్చేస్తే చాలా గొడవలు మొదలవ్వకుండానే ఆగిపోతాయి.

ముందు చార్టు గోడ మీదికి ఎక్కాలి

షిఫ్ట్ చార్టు మన ఫోన్లో, డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఇంట్లో వాళ్లకి కనపడదు. ఆవిడ "ఈ వారం ఏం షిఫ్టండీ" అని రోజూ అడగడం, మనం విసుక్కోవడం. కొత్త సంవత్సరానికి కిరాణా కొట్టువాళ్లిచ్చే గడుల క్యాలెండర్ ఒకటి తీసి వంటింట్లోనో ఫ్రిజ్ పక్కనో తగిలించండి. చార్టు వచ్చిన రోజే పిల్లల్ని కూర్చోబెట్టి స్కెచ్ పెన్నులతో వాళ్ల చేతే రాయించండి, ఎ ఆకుపచ్చ, బి నీలం, సి ఎరుపు, వీక్లీ ఆఫ్‌కి చుక్క. మీరు రాస్తే అది మీ డ్యూటీ చార్టు, వాళ్లు రాస్తే అది ఇంటి చార్టు అవుతుంది. సి పడిన వారం ఎరుపు గడులు చూసి, ఎవరూ చెప్పకుండానే మా వాళ్లు టీవీ సౌండ్ తగ్గిస్తారు. (ఎప్పుడూ తగ్గిస్తారని కాదు.)

తర్వాత అదే క్యాలెండర్ మీద మిగతావి పెన్నుతో ఎక్కించండి: పరీక్షలు, పేరెంట్స్ మీటింగ్, పుట్టినరోజులు, చర్చిలో కోత పండుగ, మే నెలలో పిల్లల వీబీఎస్ (సెలవుల్లో నడిపే బైబిల్ బడి). క్రిస్మస్ తేదీ మారదు కానీ ఈస్టర్ మారుతుంది, మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు. 2027లో ఈస్టర్ మార్చి 28నే, అంటే గుడ్ ఫ్రైడే మార్చి 26. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే సాధారణంగా అవి పరీక్షల రోజులు, ఆ వారం లీవు దేనికి వాడాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి. రిలీవర్ (తర్వాతి షిఫ్టు మనిషి) రాక వరసగా రెండో షిఫ్టు కూడా చేయాల్సి వచ్చే రోజులు ఏ చార్టులోనూ ఉండవు, వాటికోసం వారంలో ఒక సాయంత్రం ఏ మాటా ఇవ్వకుండా ఖాళీగా వదిలేయండి.

ఎ షిఫ్ట్: పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 2

నాలుగున్నరకి లేవడం ఒక్కటే కష్టం, మిగతాదంతా లాభమే. మూడింటికి ఇంట్లో ఉంటారు. తిని ఒక గంట పడుకోండి, అంతకంటే ఎక్కువ పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు. పిల్లలొచ్చేసరికి లేచి ఉంటే హోంవర్కు, మార్కెట్టు, కరెంటు బిల్లు, అన్నీ ఈ వారంలోనే అవుతాయి. ఎవరైనా పెద్దాయన్ని చూడ్డానికి వెళ్లాలన్నా, ఎవరింట్లోనో జరిగే కాటేజీ ప్రేయర్‌కి వెళ్లాలన్నా, స్నేహితుణ్ణి కలవాలన్నా ఎ షిఫ్ట్ సాయంత్రాలే చూసుకోండి. ఎవరైనా "ఎప్పుడొస్తావ్" అంటే "వచ్చే ఎ షిఫ్ట్‌లో, పదకొండో తారీఖు తర్వాత" అని చెప్పడం అలవాటు చేసుకుంటే మీ చుట్టూ ఉన్నవాళ్లకి కూడా మీ లెక్క అర్థమైపోతుంది.

బి షిఫ్ట్: మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10

పిల్లలున్న ఇంట్లో మూడింట్లో గడ్డు వారం ఇదే, సి షిఫ్ట్ అని అందరూ అనుకుంటారు కానీ. సి లో కనీసం సాయంత్రం కనిపిస్తాం. బి లో వాళ్లు స్కూలు నుంచి వచ్చేసరికి మనం ఉండం, మనం వచ్చేసరికి వాళ్లు నిద్రపోయి ఉంటారు. కాబట్టి ఈ వారం పొద్దున్న ఆరున్నర నుంచి స్కూలు బస్సు వచ్చేదాకా పిల్లల బాధ్యత పూర్తిగా మీది. రాత్రి పదకొండుకి వచ్చి అన్నం తిని ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట అవుతుంది, ఇక ఆరున్నరకి ఎవరు లేస్తారు? ఫోన్ ఛార్జింగ్ హాల్లో పెట్టండి.

ఆడపిల్ల ఉంటే జడ వేయడం నేర్చుకోండి. నవ్వుకోవద్దు, పది నిమిషాలు పాప కదలకుండా మీ ముందు కూర్చుని కబుర్లు చెప్పే సమయం ఇంకెక్కడా దొరకదు. కొబ్బరినూనె కొంచెం అరచేతుల్లో రుద్దుకుని రాయండి. చిక్కులు కింది కొసల దగ్గర మొదలుపెట్టి పైకి తీసుకుంటూ రావాలి, పై నుంచి లాగితే కేక పెడుతుంది. దువ్వెన మొనతో నుదుటి మధ్య నుంచి మెడ దాకా తిన్నగా పాపిడి తీసి, ఒక పక్క జుట్టుకి రబ్బరు బ్యాండు వేసి వదిలేసి, రెండో పక్క మొదలుపెట్టండి. మూడు పాయలు. కుడి పాయ మధ్యలోకి, తర్వాత ఎడమ పాయ మధ్యలోకి, అంతే, కానీ బిగువు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. సగం దూరం అల్లాక రిబ్బన్‌ని సగానికి మడిచి ఆ మడతని జడ వెనక పెట్టి, రెండు కొసల్నీ రెండు పక్క పాయలతో కలిపి అల్లుకుంటూ పోవాలి. చివర ముడి వేసి, జడని పైకి మడిచి, చెవి వెనక మొదలు దగ్గర కట్టి పువ్వులా ముడి వేయాలి. మొదట్లో రెండు జడలు రెండు ఎత్తుల్లో ఉంటాయి. పాప స్కూల్లో "మా నాన్న వేశారు" అని గొప్పగా చెప్పుకుంటుంది, సాయంత్రానికి ఊడిపోయినా సరే.

సి షిఫ్ట్: రాత్రి 10 నుంచి తెల్లవారి 6

నిద్ర గురించి ఇంట్లో ఒక్కసారి సూటిగా మాట్లాడండి. పగలు పడుకున్న మనిషి ఖాళీగా ఉన్నట్టు అందరికీ అనిపిస్తుంది, "ఇంట్లోనే ఉన్నారుగా, గ్యాస్ బండ వస్తే తీసుకోండి" అంటారు. పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా మీరు ఇంట్లో లేనట్టే లెక్క అని చెప్పండి, గ్యాస్ బండకి పక్కింటి వాళ్లకి చెప్పుకోవాలి, ఫోన్ ఆవిడ దగ్గర ఉండాలి. కిటికీకి దళసరి దుప్పటి ఒకటి తెరలా కట్టండి, చీకటిగా ఉంటే నిద్ర పట్టే తీరే వేరు. డ్యూటీలో ఆఖరి టీ మూడింటికి ముగించండి, ఐదింటికి తాగిన టీ పడుకునేసరికి కూడా పని చేస్తూనే ఉంటుంది. ఇంటికొచ్చి కాస్త టిఫిన్ తినండి, కడుపునిండా అన్నం వద్దు, అలాగని ఆకలితో పడుకోనూ వద్దు. లేచాక పిల్లల్ని తీసుకురావడం, సాయంత్రం ఆటలు, కూరగాయలు మీ వంతు.

నైట్ దిగిన పొద్దున్న పిల్లల్ని బండి మీద ఎక్కించుకోవద్దు. స్కూలు మూడు వీధుల అవతలే అయినా సరే. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి నిద్రలో ఉంటాడు.

వారం మధ్యలో ఆఫ్ పడితే

బుధవారమో గురువారమో ఆఫ్ వస్తే "ఏం లాభం, పిల్లలు స్కూల్లో ఉంటారు" అని రోజంతా పడుకుంటాం. ఆ ఆఫ్ మీ ఆవిడది. పిల్లలు లేని ఐదారు గంటలు ఇద్దరికీ ఇంకెప్పుడు దొరుకుతాయి? బ్యాంకు పని, పూర్ణా మార్కెట్లో సామాను, మధ్యాహ్నం ఏదో ఒక హోటల్లో భోజనం. ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంటే ఆ రోజు ఇంటి పని మొత్తం మీరు చేసి పెట్టండి, వచ్చేసరికి కుక్కర్ కూత వినపడాలి.

కుటుంబ ప్రార్థన: పావుగంటకి మించొద్దు

ఎ షిఫ్ట్‌లో రాత్రి భోజనానికి ముందు, బి లో పొద్దున్న బడికి వెళ్లే ముందు, సి లో మీరు డ్యూటీకి బయల్దేరే ముందు. ఇంతే, మూడు వేళలు. మీరు లేని పూట పిల్లల చేత నడిపించమని ఆవిడకి చెప్పండి, ఆవిడే నడిపించాలని కూడా లేదు.

ఎక్కడ చదవాలో వెతుక్కునే పని లేకుండా ఒక పద్ధతి ఉంది. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి, ఈ రోజు తేదీ ఎంతో ఆ అధ్యాయం తీయండి. మొత్తం చదవొద్దు, పిల్లలు తూలిపోతారు. ఐదు వచనాలు, అవి కూడా తలా ఒకటి. మన బైబిల్ తెలుగు పాత తరహాది, ఇంగ్లీషు మీడియం పిల్లలకి తొందరగా నోరు తిరగదు, తప్పు చదివితే మధ్యలో ఆపి సరిదిద్దొద్దు, ఆ పూట మీరు తెలుగు మాస్టారు కాదు. చదివాక "దీని అర్థం ఏంటి" అని పరీక్ష పెట్టకుండా "ఈ రోజు స్కూల్లో ఎవరితో గొడవైంది" అని అడగండి, ప్రార్థన అంశాలు వాటంతటవే వస్తాయి. ఒక పాట, అదీ పిల్లలకి వచ్చిన పాట. నాన్న ప్రార్థన పొడవైతే మిగతా వాళ్ల కళ్లు ఒకటొకటిగా తెరుచుకుంటాయి, మీకు కనపడదు కానీ పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటుంటారు.

ఆదివారం ఏ షిఫ్ట్ పడింది?

ఎ పడితే పొద్దున్న ఆరాధన పోయినట్టే. సాయంత్రం ఆరాధన మీ సంఘంలో ఉంటే సరే, లేకపోతే దగ్గర్లో ఎక్కడ ఉందో ముందే కనుక్కుని ఉంచండి. మధ్యాహ్నం ఇంటికొచ్చాక పిల్లల్ని సండే స్కూల్లో ఏం చెప్పారని అడగండి, గొల్యాతు కథ మూడేళ్ల వాడు చెబితే అదొక వాక్య పరిచర్యే. కతోలికులైతే శనివారం సాయంత్రం పూజకి (మాస్‌కి) వెళ్లినా ఆదివారం పూజ కింద లెక్కే, మీ విచారణలో (పారిష్‌లో) ఉందో లేదో ఫాదర్ గారిని అడగండి.

బి పడితే మొదటి ఆరాధనకి వెళ్లండి. రెండోది పన్నెండున్నర దాకా సాగుతుంది, మన బస్సు ఒంటిగంటకే, వాక్యం మధ్యలో గడియారం చూసుకుంటూ కూర్చుంటే ఇటు వాక్యమూ ఎక్కదు అటు బస్సూ దొరకదు. ఒకటే ఆరాధన ఉన్న సంఘమైతే తలుపు దగ్గర కుర్చీ చూసుకుని, మధ్యలో లేచి వెళ్తానని పాస్టరు అయ్యగారికి ముందే చెప్పండి. చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల సంస్కారం ఉంటుంది, చార్టులో ఆ ఆదివారాల్ని ముందు చూసుకోండి.

సి దిగిన ఆదివారం రెండే దారులు. ఇంటికి రాగానే స్నానం చేసి మొదటి ఆరాధనకి వెళ్లి తొమ్మిదికల్లా పడుకోవడం, లేదంటే ముందు పడుకుని సాయంత్రం వెళ్లడం. పది గంటల ఆరాధనకి మాత్రం వెళ్లొద్దు. ఫ్యాన్ కింద, మెత్తటి గొంతుతో ప్రసంగం, పైగా రాత్రంతా నిద్ర లేదు, మీ గురక స్త్రీల వైపుకి వినపడితే ఆవిడకి తలవంపులు.

ఇంకో సంగతి. ఆదివారం పొద్దున్న మటన్ కొట్టు దగ్గర క్యూ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఆరాధనకి లేటయ్యే ఇళ్లలో సగం అక్కడే లేటవుతాయి. శనివారం రాత్రే ఫోన్ చేసి చెప్పి ఉంచండి, చర్చి అయ్యాక తెచ్చుకోవచ్చు, వంట ఒంటిగంటకి మొదలైనా కొంపలేం మునగవు.

సాయంత్రం ఖాళీ ఉంటే యారాడ బీచ్, లేదంటే ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్. పిల్లలకి కొత్తగా ఏదైనా చూపించాలంటే పోర్టు పక్కన మూడు కొండలున్నాయి, ఒక దాని మీద మేరీ మాత చర్చి, ఒక దాని మీద దర్గా, ఒక దాని మీద వెంకటేశ్వర స్వామి గుడి. చర్చి ఉన్నది రాస్ హిల్, పై నుంచి ఓడలు లోపలికి రావడం కనిపిస్తుంది. మీ స్నేహితుల కుటుంబాలతో కలిసి ఒక పూటలో మూడూ ఎక్కొచ్చు, ఎవరి కొండ దగ్గర వాళ్లు గైడు.

చర్చిలో ఏ పని ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి

ప్రతి వారం అదే వేళకి మనిషి ఉండాల్సిన పని ఒప్పుకోవద్దు. సండే స్కూలు టీచరు, క్వాయర్, కోశాధికారి లాంటివి షిఫ్టు వాళ్లకి నప్పవు, మూడు వారాల్లో రెండు వారాలు వేరేవాళ్లని బతిమాలుకోవాలి. వేళ మనం ఎంచుకోగలిగే పనులు చాలా ఉన్నాయి: మైకు సెట్టు రిపేరు, కరెంటు వైరింగ్, కుర్చీలు వేయడం, కోత పండుగకి సామాను తేవడం, వేలం పాట లెక్క రాయడం, ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి రక్తం, రాత్రి తోడు. రాత్రి మెలకువగా ఉండటం మనకి అలవాటే, మిగతా సంఘానికి కాదు, ఆస్పత్రి దగ్గర తోడు పడుకోవడానికి మనల్ని మించిన వాళ్లుండరు. అడగడానికి వచ్చిన పెద్దాయనకి "చూద్దాం అంకుల్" అని నాన్చొద్దు. "ఇది నాకు కుదరదు అంకుల్, ఇది మాత్రం చేస్తాను" అని రెండూ ఒకేసారి చెప్పండి.

చావులకి, పరామర్శలకి అన్నింటికీ వెళ్లలేం. భూస్థాపనకి అందకపోతే తర్వాత జరిగే ఆదరణ కూడికకి వెళ్లండి. మొదటి రోజు ఇంటినిండా జనం ఉంటారు, ఆ తర్వాతే ఎవరూ ఉండరు, అప్పుడు వెళ్లినవాణ్ణి ఆ ఇంటివాళ్లు మర్చిపోరు.

స్నేహితులు, జామీను సంతకాలు

ఎ షిఫ్ట్ దిగి గేటు బయట టీ కొట్టు దగ్గర ఇరవై నిమిషాలు, ఇంట్లో చెప్పి ఉంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చెప్పకుండా గంటైతే గొడవ. పాత స్నేహితుల్ని కలవాలంటే కుటుంబాలతో కలవండి, పిల్లలు పిల్లలు ఆడుకుంటారు, ఆవిడకి కూడా మనిషి తోడు. పార్టీ అంటే వెళ్లండి, బిరియానీ తినండి, తొమ్మిదింటికి లేవండి. తాగనని మొదటి రోజే నవ్వుతూ చెప్పేస్తే రెండోసారి ఎవరూ బలవంతపెట్టరు. డ్యూటీ ఉందనీ, మందులు వాడుతున్నాననీ సాకులు చెప్పేవాణ్ణే వదిలిపెట్టరు.

ఇక జామీను. పర్మినెంట్ ఉద్యోగం, చేతిలో పే స్లిప్పు ఉన్నవాడి దగ్గరికి ఇది రాకుండా ఉండదు, అడిగేది కూడా మనకి కావలసిన వాడే, చర్చిలో పక్కన కూర్చునేవాడే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. వాడు కట్టకపోతే బ్యాంకు నేరుగా మీ దగ్గరికి రావచ్చు, "ముందు వాణ్ణి అడగండి" అంటే కుదరదు. సామెతల గ్రంథం కూడా పొరుగువాడి కోసం పూటపడొద్దనే, అంటే జామీను ఉండొద్దనే చెబుతుంది, ఆరో తారీఖున చదివే అధ్యాయంలోనే ఉంది. మరి కాదంటే స్నేహం చెడుతుందా? వీలైతే తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంత డబ్బు చేబదులు ఇవ్వండి, సంతకం మాత్రం పెట్టొద్దు. "ఇంట్లో ఇద్దరం అనుకున్నాం రా, సంతకాలు ఎవరికీ పెట్టకూడదని" అని చెప్పండి, మా ఆవిడ వద్దంది అని ఆవిడ మీదికి మాత్రం తోయొద్దు.

జీతం పడిన రోజు

కానుక, దశమ భాగం ఎంతన్నది మీకూ దేవుడికీ మధ్య సంగతి, కానీ అది కూడా ఆవిడకి తెలిసి జరగాలి. ఎవరూ గుర్తుచేయని రెండు మూడు పనులు మాత్రం ఇక్కడ చెబుతాను.

పీఎఫ్ నామినేషన్ చూసుకోండి. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు, కొత్తది వేయాలి, పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్లో ఇంట్లో కూర్చునే చేయొచ్చు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలతో సురక్షా బీమా ఉన్నాయి, మొదటిది ఎలా చనిపోయినా రెండు లక్షలు, రెండోది ప్రమాదంలో పోతే రెండు లక్షలు. డబ్బు మే నెలాఖరుకి కట్ అవుతుంది, ఆ రోజుల్లో ఖాతాలో బ్యాలెన్స్ లేకపోతే పాలసీ ఆగిపోతుంది. పాపకి పదేళ్లు నిండకపోతే పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవచ్చు, ఏడాదికి 250 నుంచి లక్షన్నర దాకా వేసుకోవచ్చు. ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఫైలు ఎక్కడుందో ఆవిడకి చూపించండి. చెప్పడం చాలదు, చూపించాలి.

పండుగలకి మ్యూచువల్, డిసెంబర్ నెల

క్రిస్మస్‌కి అందరికంటే ముందు లీవు పెట్టినా ఇస్తారని నమ్మకం లేదు. అసలు బలం మ్యూచువల్‌లో, అంటే ఒకరి డ్యూటీ ఇంకొకరు మార్చుకోవడంలో ఉంది. దసరాకి, సంక్రాంతికి, రంజాన్‌కి మీరు అడక్కుండానే డ్యూటీ తీసుకోండి, "నువ్వు ఊరెళ్లు బావా, నేను చూసుకుంటాను" అనండి. అలా చేసినవాడికి గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధనకి, ఈస్టర్ తెల్లవారుజాముకి, డిసెంబర్ 25కి మనిషి దొరుకుతాడు. సూపర్‌వైజర్‌కి నోటిమాటగా కాకుండా ఇద్దరి సంతకాలతో కాగితం ఇవ్వండి, మ్యూచువల్ మర్చిపోయి ఇద్దరూ రాకపోతే ఆబ్సెంట్ ఇద్దరికీ పడుతుంది.

ఇంటింటికీ పాడుతూ తిరిగే క్యారల్స్ విషయంలో చిత్రంగా మనకి కలిసొచ్చేది బి షిఫ్టే. రౌండ్లు మొదలయ్యేది రాత్రి పదకొండుకి, మనం దిగి వచ్చేదీ అప్పుడే, తెల్లవారుజాము మూడు దాకా తిరిగినా పొద్దున్న పడుకోవచ్చు. జడల డ్యూటీ ఆ ఒక్కరోజు ఆవిడకి అప్పగించండి. ఎ షిఫ్ట్ ముందు రోజు మాత్రం క్యారల్స్‌కి వెళ్లొద్దు, నాలుగున్నరకి లేచి మెషిన్ల మధ్యకి వెళ్లాలి. పండుగకి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌లు ఈమధ్య నవంబర్‌లోనే మొదలవుతున్నాయి, ఆఫీసుది, వీధిది, స్కూలుది, చర్చిది, అన్నింటికీ వెళ్తే అసలు క్రిస్మస్ నాటికి కేకు చూస్తే వికారం పుడుతుంది. రెండు చాలు.

స్టార్ కొనొద్దు, పిల్లలతో కలిసి కట్టండి, ఒక ఎ షిఫ్ట్ సాయంత్రం పని. సమానంగా కోసిన పది వెదురు బద్దలు కావాలి, చేతి పొడవువి. ఐదింటితో ఒక చుక్క, ఐదింటితో ఇంకో చుక్క, బద్ద బద్దని దాటే ప్రతి చోటా దారంతో బిగించి కట్టాలి. రెండు చుక్కల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలు మాత్రమే కలిపి కట్టండి. ఇప్పుడు లోపలి ఐదు మూలల్లో జానెడు పుల్లలు అడ్డంగా నిలబెడితే రెండు చుక్కలూ విడివడి పొట్ట వస్తుంది, ఇది పిల్లలకి బాగా నచ్చే ఘట్టం, చేసేపని వాళ్లకే వదిలేయండి. మైదా జిగురు ఉడికించి రంగు కాగితాలు అంటించాలి, వెనక ఒక మూల కాగితం వదిలేసి అందులోంచి బల్బు పెట్టాలి. పాత బుడ్డి బల్బు వద్దు, వేడికి కాగితం కాలుతుంది, చిన్న ఎల్‌ఈడీ చాలు. డాబా మీద కట్టేటప్పుడు వైరు జాయింటుకి టేపు చుట్టి పైన పాలిథిన్ కవరు కట్టండి, విశాఖలో డిసెంబర్ మొదటి వారంలో తుపాను వాన పడినా పడుతుంది.

31 రాత్రి కూటానికి సి షిఫ్ట్ అడ్డొస్తే మ్యూచువల్ దొరకడం కష్టం, ఆ రాత్రి అందరికీ కావాలి. దొరక్కపోతే పట్టుబట్టొద్దు, పన్నెండింటికి సూపర్‌వైజర్‌కి చెప్పి పది నిమిషాలు బయటికొచ్చి ఇంటికి వీడియో కాల్ చేసి కలిసి ప్రార్థన చేసుకోండి, ఒకటో తారీఖు సాయంత్రం ఆరాధనకి అందరూ కలిసి వెళ్లొచ్చు. 25న మీ బదులు డ్యూటీలో నిలబడ్డవాడికి మాత్రం ఆ సాయంత్రమే బాక్సు వెళ్లాలి, బిరియానీ, పక్కన అరిసెలు, చక్రాలు, ఒక ముక్క కేకు. పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు దాకా మీరే వెళ్లి ఇవ్వండి, ఇంకెవరి చేతో పంపొద్దు. వాడు శాకాహారి అయితే ఆ సంగతి ముందు రోజే ఇంట్లో చెప్పండి.